మానినవాడు మఱల ఏల త్రాగును?



నేను దొరవారిసత్రమున కాపురముండి, చాలకాలము పిల్లలకు తెలుగు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి గొన్నవాడను. వైద్యుడను గాను. అయినను, త్రాగుడు మానిన మనుష్యుడు మఱల దానిలో ఏల పడును, పడకుండుటకు గ్రామపెద్దలమైన మనమేమి చేయవచ్చును అను విషయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకొక యధికారము కలదు. ఈ విషయమున నేనొక తప్పు చేసితిని. దానిని మీకు చెప్పుటకే నేడు మాటలాడుచున్నాను.

మొదట నా యలవాటు సంగతి. ముప్పది యేండ్లు నేను ముక్కుపొడికి దాసుడనై యుంటిని. ఒకనాడు డబ్బీని పెంటకుప్పలో పాఱవైచి మానితిని. నెలలు గడచెను. కోరిక చచ్చినదనుకొంటిని. ఒక రాత్రి వ్యాకరణగ్రంథము విప్పి చదువుచుండగా కఠినమైన సూత్రమొకటి యడ్డుతగిలెను. అంతట నా వ్రేళ్లు, నేనెఱుగకయే, రొండిని తడవి డబ్బీని వెదకుచుండెను. డబ్బీ లేదు, వ్రేళ్లకు మాత్రము వేళ తెలిసియుండెను. పాలచెంబు చప్పుడు విని ఆవు చేపినట్లు, గ్రంథము విప్పగానే దేహము పొడి నడిగినది.

ఇది క్రొత్త సంగతి కాదు. ఋగ్వేదము పదవ మండలమున జూదరి సూక్తమొకటి కలదు. అందలి జూదరి ఇక నాడనని నిశ్చయించుకొనును. తోడివారు పోవుచుండగా తాను వెనుక నిలుచును. కాని తాండ్రకాయల పాచికలు పడిన చప్పుడు చెవి సోకగానే వాని కాలు అటే సాగును. వాని నిశ్చయము అబద్ధము కాదు. చెవిని పడిన చప్పుడు దానిని మఱపించినది.

మా యూరికి సమీపమున నేలపట్టు చెఱువు కలదు. ఏటేట శీతకాలమునకు గూడబాతులు వచ్చి, నీటనున్న కడపచెట్లమీద గూళ్లు కట్టును. వేసవిలో ఆ చెట్లు ఖాళీగా నుండుట చూచి, పక్షులిక రావని మాలో నెవ్వరు ననుకొనరు. ఋతువు, నీరు, చెట్టు కుదిరెనా, వచ్చును. త్రాగుడు కోరికయు నట్టిదే. దానికొక వేళ, ఒక చోటు, ఒక తోడు కలవు. అవి కుదిరినప్పుడు వచ్చును. కావున మానినవాడు మొదట తన చెట్లేవో తెలిసికొనవలెను.

వెలుపలి చెట్లు సులభముగా కనబడును. పని దిగిన సాయంకాలము, కూలిడబ్బు చేతబడిన శనివారము, బ్రాందీ అంగడి యున్న మలుపు, పాత నేస్తుడు, పెండ్లి, జాతర, చావు. లోపలివి కనబడవు. ఆకలి, అలసట, నిద్రలేమి, కోపము, ఒంటరితనము అట్టివి. అమెరికా దేశమున అలన్ మార్లట్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, జూడిత్ గోర్డన్ అను నామెతో కూడి, 1985లో ఈ విషయముపై నొక గ్రంథము ప్రకటించెను. మఱల త్రాగినవారిలో పెక్కుమందిని పడద్రోసినవి మూడని ఆయన కనుగొనెను: మనసులోని బాధ, ఇతరులతోడి కలహము, తోడివారి బలవంతము. వీనికి నేను నాలుగవదానిని చేర్చుదును. “ఇన్నినెలలు మానితిని గదా, ఒక్క గుక్కకేమి” యను గర్వము.

ఇక నా తప్పు. నా పూర్వశిష్యుడొకడు బేల్దారి మేస్త్రి. వైద్యుని సాయమున త్రాగుడు మాని పదినెలలు నిలిచెను. ఒక శనివారము పొద్దుగూకువేళ కూలిడబ్బు అంగడి మలుపుననే చేతికి వచ్చెను. పగలు తిండి సరిగా లేదు. ఇంట ముందురాత్రి కలహము. ప్రక్కనే పాత నేస్తుడు. నాలుగు చెట్లును ఒక్కచోటనే మొలచినవి. అతడు త్రాగెను.

మఱునాడు టీ అంగడికడ పదిమంది యెదుట నేనతనిని నిలిపి, “ఇంతేనా నీ పౌరుషము? నిన్ను చదివించినందుకు నాకు సిగ్గగుచున్నది” అంటిని. మేలు చేసితిననుకొంటిని. అతడు తలవంచుకొని పోయెను. మూడు నెలలు తెఱపి లేక త్రాగెను. ఒకనాడు వాని భార్య మా వాకిటికి వచ్చి యన్నమాట నేటికిని నా చెవిలో నున్నది. “అయ్యవారూ, ఆయన తనకై తాను తాగింది ఒక్క పూటే. మీరు నలుగురిలో అన్నమాటకు మూడు నెలలు తాగినాడు.”

జాఱుట వేఱు, పడియుండుట వేఱు. కాలు జాఱినవానికి “అంతయు పోయినది” అను నిరాశ పుట్టును. ఆ నిరాశయే వానిని మఱల అంగడికి నడపునని మార్లట్ కూడ చెప్పినాడు. ఆ నిరాశను నేను పెంచితిని.

పిమ్మట నేనతని యింటికి పోయి క్షమింపుమని యడిగితిని. ఇరువురమును కూర్చుండి ఏ యే వేళల కోరిక వచ్చునో కాగితముపై వ్రాసితిమి. అతని సమ్మతితో కూలిడబ్బు పగటివేళ భార్యచేతికే వచ్చునట్లు ఏర్పాటయ్యెను. ఇంటికి మలుపుమీదుగా గాక చెఱువుకట్టమీదుగా వచ్చుట మొదలుపెట్టెను. పని దిగగానే సంగటియో, మజ్జిగయో కడుపున పడునట్లు చేసిరి. పెండ్లికి పోయిన తాళి కట్టినపిదప భోజనము చేసి, రాత్రి కాకమునుపే మఱలుట. కోరిక పొంగినప్పుడు దానితో పోరాడక, ఎవరితోనైన అరగంట మాటలాడుచు కూర్చుండుట. కోరిక అలవంటిది, లేచును, సాధారణముగా అరగంటలోపల విఱిగిపోవును. లేచినప్పుడు మాత్రము ఎన్నటికిని విఱుగదని తోచును. ఆ యరగంటకు తోడుగా అతడు మా అరుగుమీదికి వచ్చుచుండెను.

ఒక హెచ్చరిక. ఏండ్లతరబడి మిక్కిలిగా త్రాగినవాడు ఒక్కసారి మానినయెడల వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కావచ్చును. అట్టివానిని ఆసుపత్రికి కొనిపోవలెను. 14446 అను ప్రభుత్వ టెలిఫోను సంఖ్యకు ఖర్చులేక మాటలాడి సలహా పొందవచ్చును.

అంగళ్లు మూసిన చాలదా యని మీరడుగవచ్చును. మన ప్రాంతమునకు ఆ చరిత్ర తెలియును. 1991, 92 సంవత్సరములలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రాత్రిబడులలో అక్షరములు నేర్చి సారాను ఎదిరించిరి. వారిలో రోశమ్మగారి పేరు దేశమంతట వినబడెను. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడి అంగళ్లు మఱల తెఱచుకొనెను. ఆ తల్లుల పని వృథా కాదు. ఎన్నో యిండ్లలో పొయ్యి వెలిగినది. అయితే చట్టము వచ్చును, పోవును. అంగడి మూయుట ప్రభుత్వపు చేతిలో నున్నది. ఒకని సాయంకాలమును మార్చుట ఇరుగుపొరుగుల చేతిలో నున్నది.

పెద్దలారా, కూలిడబ్బు ఏ వేళ, ఏ చోట ఇచ్చుట యన్నది మనము మార్చగలము. పెండ్లిపందిటిలో మానినవానిని బలవంతపెట్టువానిని మందలింపగలము. జాఱినవానిని నలుగురిలో నిలుపక, ఒంటరిగా పిలిచి, “ఏ వేళ వచ్చినది? ఎవరుండిరి? తిన్నావా?” అని యడుగగలము.

నా శిష్యుడు మానుకొని రెండేండ్లు దాటినది. జయించెనని నేను చెప్పను. నిన్నటి సాయంకాలము త్రాగలేదని చెప్పగలను. నేడును పొద్దుగూకుచున్నది. నేనిచ్చట మాటలాడుచున్నాను గనుక అతడు మా అరుగున నా భార్యతో మాటలాడుచు కూర్చుండియుండును. మీ వీధిలోను అట్టివాడొకడు ఇంటికి నడచివచ్చుచుండవచ్చును. పిలిచి కూర్చుండబెట్టుడు.