బల్లమీది మాయ, ఎదుటివాని ముఖము

నలుగురు బల్ల చుట్టును కూర్చుండి ఆడు ఆటలో సగము పలకమీద, సగము ఎదుటివాని ముఖములో జరుగును. నిజవస్తువుల నడుమ కల్పితచిత్రములను నిలుపు మిశ్రమ వాస్తవము ఈ ఆటలలో ప్రవేశించినపుడు, రూపకర్త ముందుగా కాపాడవలసినది ఆ రెండవ సగమునే.

2019లో కిక్‌స్టార్టర్ ద్వారా ప్రజలవద్ద ధనము కూర్చుకొన్న టిల్ట్ ఫైవ్ కళ్లజోడును తీసికొందము. అందలి చిన్న ప్రొజెక్టర్లు పలకపైకి కాంతిని పంపును; పలక దానిని వచ్చిన త్రోవనే ఆ ఆటగాని కంటికి మరలించును. కనుక ఎవరి ముక్కలు వారికే కనబడునట్లు చేయవచ్చును. అక్షరములు ఎవరికిని తలక్రిందులు కానక్కరలేదు. పలకను దాటి బొమ్మ నిలువదు గనుక ముఖములు మరుగుపడవు.

చిక్కెల్ల చేతితోనే. చేయి అడ్డమైనచో దాని వెనుకటి బొమ్మయే కాదు, చేతికి ముందున్నట్లు తోచు కోటగోడయు చెరగిపోవును. అందుచేత దూరపు పావును కోలతో చూపుట మేలు. తరచు వాడు గుర్తులు ఎవరి అంచున వారికుండవలెను. లేనిచో ఒకని చేయి వేరొకని కోటను కూల్చును!

పాచికలు మాత్రము నిజమైనవే ఉండనిండు. యంత్రము వేసిన పందెమును ఓడినవాడు నమ్మడు; గవ్వలతో అష్టాచెమ్మా ఆడినవారికిది తెలియనిది కాదు. పడిన సంఖ్యను యంత్రమునకు తెలుపు శ్రమ యొకటి మిగులును. కోలమీది మీటతో అదియు తీరును.