చెమటే తొలి పెట్టుబడి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఫ్రాన్సులో ఇళ్లకు కరువొచ్చింది. బోర్డో నగరంలో కార్మిక కుటుంబాలు ఇరుకు గదుల్లో పిల్లాపాపలతో సర్దుకుంటున్నాయి. ఇల్లు కట్టుకుందామంటే అప్పు పుట్టాలి. అప్పు పుట్టాలంటే ముందు కొంత సొంత సొమ్ము చూపించాలి. ఆ సొమ్మే లేదు.

ఉన్నవల్లా రెక్కలు.

1948లో బోర్డో పక్కనే ఉన్న పెసాక్‌లో 150 కుటుంబాలు ఒక్కటయ్యాయి. ‘కాస్టర్లు’ అని పేరు పెట్టుకున్నాయి. కార్ఖానాలో తానూ పనిచేసే ఎతియెన్ దామొరాన్ అనే క్రైస్తవ గురువు ముందు నిలిచాడు. సభ్యుల కాయకష్టానికి వెలకట్టి, దాన్నే అప్పుకు కావలసిన సొంత వాటాగా జమకట్టాలని వాళ్లు ప్రభుత్వాన్ని అడిగారు, ఒప్పించారు. చెప్పాలంటే, ఇళ్లకన్నా ఇదే పెద్ద గెలుపు.

ఇక డ్యూటీ దిగాక, సెలవు రోజుల్లో పార పట్టడమే! పునాదులు తవ్వారు, సిమెంటు ఇటుకలు పోసుకున్నారు, గోడలు లేపారు. ఎవరింటి పని వాళ్లది కాదు, అందరి ఇళ్లకూ అందరూ. తాపీ పని రానివాళ్లు వచ్చినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నారు. నీళ్ల ట్యాంకు కూడా తామే కట్టుకున్నారు, ఎత్తుగా, కాంక్రీటుతో.

1951కల్లా 150 ఇళ్లూ లేచాయి. అదే పద్ధతిని ఫ్రాన్సులో మరెన్నో ఊళ్ల కార్మికులు అందుకున్నారు.