కోటయు కర్మాగారమును

ఇటీవల ఇందూరను నిజామాబాదునకు పోయి ఖిల్లా గుట్ట యెక్కితిని. రఘునాథాలయము గల ఆ కోటనే నిజాము ప్రభుత్వము చెఱసాలగా వాడినది. 1948లో దాశరథి కృష్ణమాచార్యులవారు అందు బందీయై గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి.

పిమ్మట బోధను చేరితిని. 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందినది. నిజాంసాగరు నీట పెరిగిన చెఱకు అచటికి వచ్చెడిది. 2015లో అది మూతపడినది. అందు పనిచేసిన నా పూర్వశిష్యుడొకడు తాళము చూపి, "పంతులుగారూ, మా తాత, నాయిన, నేను దీని అన్నమే తిన్నం" అని తల వంచుకొనెను.

ప్రాతకోటలో నేటికిని దీపము వెలుగుచున్నది; క్రొత్తకట్టడమున పొయ్యి చల్లారినది. కట్టడమునకు ఆయువు సున్నమున గాదు, దానిని నమ్మి బ్రతుకు మనుష్యులయందే కలదని తోచినది.