కొత్త ఉపాధ్యాయులు – ఉద్యోగాన్వేషణ

బి.ఎడ్. పట్టమో, డి.ఎడ్. యోగ్యతాపత్రమో చేతికి వచ్చిన యువతీయువకులు మన ఇండ్లలో చాలామంది ఉన్నారు. ఉదయం వార్తాపత్రిక రాగానే వారు మొదట వెదికేది ఒక్కటే: డి.ఎస్సీ. ప్రకటన వెలువడినదా, లేదా అని. ఇంటిలోని పెద్దలు అడిగేదీ అదే. ఈ ప్రశ్నకు లేదని జవాబు చెప్పవలసిన సంవత్సరాలే ఎక్కువ. కాబట్టి ప్రకటన వచ్చిన తర్వాత ఏమేమి చదవవలెనన్నది ఈ ప్రసంగంలో నేను ప్రస్తావించబోవడం లేదు. అది చెప్పడానికి పట్టణాలలో శిక్షణాలయాలు కావలసినన్ని ఉన్నవి. రెండు ప్రకటనల నడుమనున్న కాలాన్ని ఎట్లు వినియోగించుకోవలెనన్నదే నా విషయం.

ఆ కాలం ఎంత దీర్ఘమైనదో మొదట చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరులో డి.ఎస్సీ. ప్రకటన వెలువడినది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు మరొకటి వచ్చినది గాని అది రద్దయినది. చివరకు 16,347 పోస్టులకు ప్రకటన వెలువడి, పరీక్షలు జరిగి, నియామకాలు పూర్తి అయినది 2025లో. తెలంగాణలో 2017 తర్వాత 2023లో 5,089 పోస్టులకు వచ్చిన ప్రకటన కూడా నిలవలేదు. 2024 ఫిబ్రవరిలో దాని స్థానంలో 11,062 పోస్టులకు కొత్త ప్రకటన ఇచ్చి, ఆ అక్టోబరులో నియామకపత్రాలు అందజేశారు. అంటే ఉభయ రాష్ట్రాలలోను సుమారు ఆరేడు సంవత్సరాల విరామం. 2019లో శిక్షణ ముగించినవారు నిలబడిన ప్రకటనను కంటితో చూచేసరికి, ఆ యేడు పుట్టిన బిడ్డలు ఒకటవ తరగతిలో చేరే వయస్సుకు వచ్చారు.

వయోపరిమితి ఉదారంగానే ఉన్నది. 2024 నాటి తెలంగాణ ప్రకటనలో గరిష్ఠ వయస్సు 46 సంవత్సరాలు. 2025 నాటి ఆంధ్ర ప్రకటనలో 44. వెనుకబడిన తరగతులవారికి, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఇంకను సడలింపు ఉన్నది. ఇది మేలే. అయితే నా దృష్టిలో ఇందులో ఒక ప్రమాదం కూడా లేకపోలేదు. ఇంకా వ్యవధి ఉన్నదన్న ధైర్యంతో పట్టణంలో అద్దె గది తీసుకొని, ఒకే పుస్తకాల కట్టను తిరగవేస్తూ, తరగతి గది గడప తొక్కకుండ ఏండ్లు గడిపేవారు తయారవుతున్నారు. బోధన అభ్యాసంతో వచ్చే విద్య. శిక్షణలో నేర్చిన కొద్దిపాటి నేర్పు రెండు మూడేండ్లలో మాసిపోతుంది. మిగిలేది పరీక్ష వ్రాసే నేర్పు మాత్రమే.

ఇక టెట్ సంగతి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన మీదట, ఆ ఆగస్టులో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి చేసిన నిర్ణయంతో, ఎనిమిదవ తరగతి వరకు బోధించేవారికి ఈ అర్హత పరీక్ష తప్పనిసరి అయినది. ఒకసారి నెగ్గితే ఆ యోగ్యత జీవితాంతం చెల్లుతుందని 2021లో నిర్ణయించారు. అప్పటినుండి "నెగ్గితిమి గదా, ఇక దానితో పని లేదు" అనుకొనేవారు ఎక్కువైనారు. ఇక్కడ కొంచెం లెక్క వేయవలసి ఉన్నది. టెట్‌కు 150 మార్కులు. సెకండరీ గ్రేడ్, స్కూల్ అసిస్టెంటు పోస్టుల తుది జాబితాలో వీటికి ఇచ్చే విలువ 20, డి.ఎస్సీ. పరీక్షకు 80. తొంబది మార్కులతో నెగ్గినవారికి ఆ ఇరవైలో 12 వస్తాయి. నూటయిరవై తెచ్చుకొన్నవారికి 16. భేదం నాలుగు మార్కులు. డి.ఎస్సీ. పరీక్షలో ప్రశ్నకు అర మార్కు చొప్పున 160 ప్రశ్నలు ఉంటాయి గనుక, ఈ నాలుగు మార్కులు ఎనిమిది ప్రశ్నల పెట్టు. మార్కులో పావు వంతు తేడాతో పోస్టు చేజారిన వారికి ఈ ఎనిమిది ప్రశ్నల విలువ వేరే చెప్పనక్కరలేదు. టెట్‌ను ఎన్నిమారులైనా వ్రాయవచ్చు; ఎక్కువ మార్కులు వచ్చిన పత్రాన్నే వినియోగించుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం సంవత్సరానికి రెండుమారులు ఈ పరీక్ష జరపాలని 2024లో నిర్ణయించినది. డి.ఎస్సీ. ప్రకటన మన చేతిలో లేదు. టెట్ మార్కులు పెంచుకోవడం మాత్రం చాలవరకు మన చేతిలోనిదే.

ఈ సందర్భంలోనే తల్లిదండ్రులకు ఒక మాట. బి.ఎడ్. చేసినవారు ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ పోస్టుకు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పినది. ఒకటి నుండి ఐదవ తరగతి వరకు బోధించదలచినవారికి ఇంటర్మీడియెట్ తరువాత రెండేండ్ల డి.ఎడ్. శిక్షణే ప్రధాన మార్గం. బి.ఎడ్. పెద్ద చదువు గనుక అది చిన్న పోస్టుకు కూడ పనికివస్తుందన్న పూర్వపు లెక్క ఇప్పుడు చెల్లదు. చిన్నపిల్లలతో పొత్తు కుదిరే స్వభావమున్న అమ్మాయినో అబ్బాయినో ఇంటర్ ముగియగానే ఏదో ఒక డిగ్రీలో చేర్పించే ముందు ఈ విషయం ఆలోచించవలెను.

రాష్ట్రప్రభుత్వ పాఠశాలలు కాక ఇతర ద్వారాలు కూడ ఉన్నవి. కేంద్రీయ విద్యాలయాలున్నవి. వాటి ప్రాథమిక, పట్టభద్రోపాధ్యాయ పోస్టులకు కేంద్ర మాధ్యమిక విద్యామండలి జరిపే సి-టెట్ కావాలి. నవోదయ విద్యాలయాలున్నవి. ఈ రెండింటిలోను దేశంలో ఎక్కడికైనా వెళ్లడానికి సిద్ధపడవలెను. హిందీలోనో, ఇంగ్లీషులోనో పిల్లలతో తడుముకోకుండ మాట్లాడగలగాలి. గురుకుల విద్యాలయాలు మనకు కొత్త కావు. అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో 1971లో మొదటిది స్థాపించినప్పటినుండి అవి పెరుగుతూ వచ్చినవి. అక్కడి పని సాయంకాలం గంట కొట్టడంతో ముగియదు. పిల్లవానికి జ్వరం వచ్చినా, రాత్రి చదువు సాగకపోయినా ఉపాధ్యాయునిదే బాధ్యత. ఇది భారమనుకొనేవారు అటు పోకపోవడమే మంచిది; ఇష్టపడేవారికి అంతకన్న తృప్తినిచ్చే చోటు అరుదు. బాలికల కొరకు 2004లో ఆరంభమైన కస్తూర్బా విద్యాలయాలలో స్త్రీలకు అవకాశాలున్నవి గాని, అక్కడి పోస్టులు చాలవరకు ఒప్పందం మీద ఇచ్చేవి.

శిక్షణ పొందని పట్టభద్రుల విషయం క్లుప్తంగా చెబుతాను. స్నాతకోత్తర పట్టం ఉన్నవారు ప్రైవేటు జూనియర్ కళాశాలలలో ప్రయత్నించవచ్చు. డిగ్రీ కళాశాలలలో స్థిరమైన స్థానం కోరేవారికి నెట్ గాని, సెట్ గాని కావాలి. వట్టి డిగ్రీతో పాఠశాలలలో చేరినవారు ఆ కొలువును బి.ఎడ్.కు ముందు మెట్టుగా చూచుకోవడమే వివేకం.

నడుమ కాలంలో ఎక్కువమందికి ఆశ్రయమిచ్చేవి ప్రైవేటు పాఠశాలలు. వాటిని గూర్చి మనవారిలో చిన్నచూపు ఉన్నది. ప్రైవేటు బడిలో చేరితే డి.ఎస్సీ. చదువు దెబ్బతింటుందని భయం కూడ ఉన్నది. ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. రోజంతా నిలబడి పాఠాలు చెప్పి, సాయంకాలం నోటు పుస్తకాలు దిద్ది వచ్చిన మనిషికి రాత్రి పుస్తకం పట్టే ఓపిక ఉండదు. అయినప్పటికీ ఏడవ తరగతి గణితాన్ని నిత్యం బోధించేవారికి ఆ విషయం మళ్లీ కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదు. డి.ఎస్సీ.లో అడిగేది ప్రధానంగా పాఠశాల పుస్తకాలలోని విషయమే. కాబట్టి ఏ తరగతులకు, ఏ విషయానికి మనం పరీక్ష వ్రాయదలచామో, ఆ తరగతులకు ఆ విషయమే బోధించే అవకాశం చూచుకొని చేరవలెను. వందో, రెండు వందలో జీతం తక్కువైనా ఇదే లాభసాటి.

ఈ పాఠశాలలు కొత్తవారిని ఎన్నుకొనేది ఎక్కువగా మార్చి నుండి మే వరకు. జూన్ 12న బడులు తెరిచేనాటికి చోట్లు నిండిపోతాయి. తిరిగి దసరా, సంక్రాంతి సెలవుల తరువాత, నడుమ మానివేసినవారి స్థానాలు కొన్ని ఖాళీ అవుతాయి. దరఖాస్తు టపాలోనో, సెల్‌ఫోనులోనో పంపి ఊరకుండక, స్వయంగా వెళ్లి ప్రధానోపాధ్యాయుని చూడడం మేలు. ఉదయం ప్రార్థన వేళ వెళ్లరాదు. అప్పుడు ఆయనకు మన మాట వినే తీరిక ఉండదు. మధ్యాహ్నం భోజన విరామం దాటిన తరువాత వెళ్లవలెను. ఒక్క కాగితానికి మించకుండ చదువు, టెట్ మార్కులు, బోధించగల విషయాలు వ్రాసి తీసుకొని వెళ్లండి. బి.ఎడ్. వారు శిక్షణలో సుమారు ఇరవై వారాలు పాఠశాలలో గడిపి ఉంటారు. అది ఏ బడి, ఏ తరగతులు, ఏ పాఠాలు అన్నది తప్పక వ్రాయవలెను. చాలామంది ఈ సంగతే వదలివేసి, తమకు క్రికెట్టు ఇష్టమని వ్రాస్తారు.

అక్కడ నమూనా పాఠం చెప్పమంటారు. దీనినే డెమో అంటున్నారు. పది పదిహేను నిమిషాలు వ్యవధి ఇస్తారు. అభ్యర్థులలో అధికులు ఇక్కడే దెబ్బతింటారు. పదిహేను నిమిషాలలో భిన్నాలన్నీ చెప్పివేయాలని చూస్తారు. అంత అవసరం లేదు. ఒకే ఒక చిక్కును తీసుకొని విడదీస్తే చాలు. ఐదవ తరగతి పిల్లలను అరవంతు పెద్దదా, మూడవ వంతు పెద్దదా అని అడగండి. మూడు అంకె రెండుకన్న పెద్దది గనుక మూడవ వంతే పెద్దదని సగం తరగతి చెబుతుంది. అప్పుడు సమానమైన కాగితపు పట్టీలు రెండు తీసుకొని, ఒకదానిని రెండు మడతలు, రెండవదానిని మూడు మడతలు పెట్టి, ఒక్కొక్క మడతను పక్కపక్కన చూపండి. తప్పు చెప్పిన పిల్లవానిచేతనే మడత పెట్టించండి. వాని ముఖంలో కలిగే మార్పును వెనుక కూర్చున్న కరస్పాండెంటు కూడ చూస్తాడు. నల్లబల్ల మీద వ్రాసినది చివరి బల్లవారికి కనబడుతున్నదా అని ఒకసారి గది వెనుకకు నడిచి చూచుకోవడం కూడ మరువరాదు.

కంఠం సంగతి నా వృత్తికి సంబంధించినది గనుక ఒకటి రెండు మాటలు ఎక్కువ చెబుతాను. కొత్తవారు భయం చేత వేగంగా మాట్లాడతారు. వాక్యం చివరకు వచ్చేసరికి గొంతు దిగిపోతుంది. తెలుగులో క్రియ వాక్యాంతంలో ఉంటుంది. చివరి మాట వినబడకపోతే, అవునన్నారో కాదన్నారో కూడ వినేవారికి తెలియదు. ఇంటివద్ద సెల్‌ఫోనులో మీ పాఠాన్ని మీరే నింపుకొని విని చూడండి. మైకు ముందు కూర్చున్న మాకు వినేవారి ముఖం కనబడదు. ఉపాధ్యాయునికి నలభై ముఖాలు ఎదురుగా ఉంటాయి. ఆ సౌకర్యం ఉండి కూడ గోడవంక చూచి పాఠం చెప్పేవారిని చూస్తే నాకు ఈర్ష్య, జాలి రెండూ కలుగుతాయి.

చేరే ముందు అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నవి. వేసవి సెలవులకు జీతం ఇస్తారా? పిల్లలను చేర్పించే పనికి ఇంటింటికి తిరగవలసి ఉంటుందా? నియామకపత్రం వ్రాతపూర్వకంగా ఇస్తారా? ఈ ప్రశ్నలు అడగడం అవినయం కాదు. మరొక ముఖ్యవిషయం: మూల ధ్రువపత్రాలను ఎవరివద్దను ఉంచరాదు. ఏడాది నడుమ మానకుండా ఉండడానికని కొన్ని పాఠశాలలు వాటిని అట్టిపెట్టుకొంటాయి. నకళ్లు ఇచ్చి, మూలపత్రాలు చూపించి తిరిగి తెచ్చుకోవలెను. ఇందుకు ఒప్పుకోని చోటు ఎంత జీతమిచ్చినా వద్దు. డి.ఎస్సీ. పత్రాల పరిశీలనకు పిలుపు వచ్చేది అప్పటికప్పుడు. ఆనాడు అవి మరొకరి బీరువాలో ఉంటే గతి ఏమి?

డబ్బు తీసుకొని ప్రభుత్వ పోస్టు ఇప్పిస్తామనేవారిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. కంప్యూటరు మీద వ్రాసే పరీక్ష, బహిరంగంగా ప్రకటించే మార్కులు, జిల్లావారీ జాబితా: ఈ పద్ధతిలో వాళ్లు ఇప్పించగలిగినది ఏమీ లేదు. పొలం అమ్మి వారికి ఇచ్చిన కుటుంబాలు ఉన్నవి గనుకనే ఈ పాటి చెప్పవలసి వచ్చినది.

చివరి విషయం స్థానికత. ఆడపిల్లలున్న ఇండ్లలో దీనిని గూర్చి అపోహలు ఎక్కువ. పెండ్లి అయి మరొక జిల్లాకు వెళ్లిన అమ్మాయి అత్తవారి జిల్లాకు స్థానికురాలు కాదు. స్థానికతను నిర్ణయించేది కాపురమున్న చోటు కాదు, చదివిన చోటు. తెలంగాణలో ఒకటి నుండి ఏడవ తరగతి వరకు చదివిన చోటును చూస్తారు. 2025 నాటి ఆంధ్ర ప్రకటనలో ప్రధానంగా పదవ తరగతితో ముగిసే సంవత్సరాలను చూచారు. జిల్లా పోస్టులలో స్థానికులకు తెలంగాణలో నూటికి 95, 2025 నాటి ఆంధ్ర ప్రకటనలో 80 కేటాయించారు. కాబట్టి అత్తవారి జిల్లాలో పోటీ చేస్తే మిగిలిన కొద్ది పోస్టులకే చేయవలసి ఉంటుంది. పుట్టింటి జిల్లాలో నెగ్గితే అక్కడ పనిచేయవలసి ఉంటుంది. ఈ రెండింటిలో ఏది సాధ్యమో ఇరుపక్షాల పెద్దలు, ఆ దంపతులు ముందే కూర్చుండి మాట్లాడుకోవడం మంచిది. పోస్టు వచ్చిన తరువాత మాట్లాడుకోవడం కష్టం.

ఇందుకు కావలసిన తరగతులవారీ చదువు ధ్రువపత్రాలను ఇప్పుడే సేకరించి ఉంచుకొనండి. చిన్ననాడు చదివిన బడి మూతపడి ఉన్నచో, దాని రికార్డులను గూర్చి మండల విద్యాధికారి కార్యాలయంలో విచారించండి. ప్రకటన వెలువడిన వారంలో ఆ కార్యాలయం ముందు ఎంత బారు నిలిచి ఉంటుందో ఒకసారి చూచినవారెవరూ ఈ పనిని రేపటికి వాయిదా వేయరు.