ల్యాప్‌టాప్ ఛార్జింగ్ 80 దగ్గర ఆగాలా? ఒక ఫైల్‌లో నంబర్ మారిస్తే చాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ల్యాప్‌టాప్‌ని పొద్దస్తమానం ఛార్జర్‌కి తగిలించి వాడేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. చాలా ఫోన్లలో బ్యాటరీ ప్రొటెక్షన్ ఆన్ చేస్తే 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగుతుంది కదా? లినక్స్ ల్యాప్‌టాప్‌లో అదే పని ఒక ఫైల్‌లో నంబర్ రాసి చేయొచ్చు. యాప్ అక్కర్లేదు.

అసలు ఎందుకు ఆపాలి? లిథియం బ్యాటరీకి పడనివి రెండు: ఎప్పుడూ నిండుగా ఉండటం, వేడి. మే నెల ఎండల్లో ఛార్జర్ తీయకుండా వాడితే ఆ రెండూ ఒకేసారి తగులుతాయి.

లినక్స్‌లో 'సిస్' అనే ఫోల్డర్ ఉంటుంది. 2003లో వచ్చిన 2.6 కెర్నల్ నుంచీ ఉంది. అందులోని ఫైల్స్ డిస్క్‌లో ఉండవు. మనం తెరిస్తే కెర్నల్ అప్పటికప్పుడు వివరం చూపిస్తుంది. రాస్తే ఆ మాట హార్డ్‌వేర్‌కి చేరవేస్తుంది.

సిస్‌లో 'క్లాస్', అందులో 'పవర్ సప్లై', అందులో 'బ్యాట్ జీరో'. కొన్నిట్లో 'బ్యాట్ వన్' ఉంటుంది. ముందు బ్యాటరీ ఆరోగ్యం చూద్దాం. 'ఎనర్జీ ఫుల్' అంటే ఇప్పుడు ఎంత పడుతోంది, 'ఎనర్జీ ఫుల్ డిజైన్' అంటే కొత్తలో ఎంత పట్టాలి. సున్నాలు తీసేస్తే మొదటిది 35, రెండోది 50 వచ్చిందనుకోండి, మిగిలింది 70 శాతమే. కొన్ని మోడల్స్‌లో ఎనర్జీ బదులు ఛార్జ్ అని ఉంటుంది.

ఇప్పుడు అసలు ఫైల్: 'ఛార్జ్ కంట్రోల్ ఎండ్ థ్రెషోల్డ్'. థింక్‌ప్యాడ్‌లలో, చాలా ఆసుస్ మోడల్స్‌లో ఉంటుంది. మీ దాంట్లో లేకపోతే బయోస్ సెట్టింగ్స్‌లో వెతకండి.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. 'సుడో ఎకో 80' కొట్టి, బాణం గుర్తుతో ఫైల్‌లోకి పంపితే 'పర్మిషన్ డినైడ్' అంటుంది. ఎందుకంటే సుడో అధికారం ఎకోకే వెళ్లింది. ఫైల్ తెరిచేది మాత్రం మామూలు యూజర్‌గా ఉన్న షెల్. అందుకే 'ఎకో 80', నిలువు గీత, 'సుడో టీ', ఆ తర్వాత ఫైల్ పాత్. అంతే, పనైపోయింది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో రీస్టార్ట్ చేస్తే ఇది పోతుంది. ప్రతిసారీ కొట్టకుండా ఉండాలంటే టీఎల్‌పీ అనే ఫ్రీ టూల్ వాడండి.

మన ప్రాంతానికి ఇంకో లెక్క కూడా ఉంది. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి హెచ్చరిక వస్తే 80తో సరిపెట్టుకోవద్దు. ముందు రోజే 100 రాసి నింపుకోండి. కరెంటు పోయాక, 'క్లాస్' కిందే ఉన్న 'బ్యాక్‌లైట్' ఫోల్డర్‌లోకి వెళ్లండి. 'మ్యాక్స్ బ్రైట్‌నెస్' ఎంతుందో చూసి, అందులో ఐదో వంతు 'బ్రైట్‌నెస్'లో రాయండి. సున్నా మాత్రం రాయొద్దు, కొన్ని స్క్రీన్లు పూర్తిగా ఆరిపోతాయి. తుఫాను వెళ్లాక మళ్లీ 80 పెట్టేయండి.

చివరిగా ఒక్క మాట. సిస్‌లో ఏ ఫైలైనా చదివి చూడండి, కానీ అర్థం తెలియని ఫైల్‌లో ఏమీ రాయకండి. మీ ల్యాప్‌టాప్ మోడల్ ఏంటి, థ్రెషోల్డ్ ఫైల్ కనిపించిందా లేదా, కామెంట్‌లో చెప్పండి. అదే మోడల్ ఉన్న ఇంకొకరికి పనికొస్తుంది. ఉంటాను మరి.