పట్టీ మీద గీతను నమ్మొచ్చా?



మన తెల్లాపూర్‌కు దగ్గర్లో, పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ ఉంది. వేరుశనగలో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ విషాన్ని అక్కడికక్కడే పట్టి చూపే చవక కిట్‌ను ఆ సంస్థ 2016లో తెచ్చింది.

మరి వంటకంలో బ్యాక్టీరియా సంగతేంటి? అది విషంలా ఊరుకోదు. బతికి ఉంటుంది, పెరుగుతుంది. సాల్మొనెల్లానే తీసుకోండి. వండిన కూర 25 గ్రాములు తీసి వెతికితే ఒక్కటీ దొరక్కూడదు. ఆ ఒక్కదాన్ని కిట్‌లోని పరీక్ష పట్టీ చూడలేదు. అందుకే ముందు నమూనాను పోషక ద్రవంలో కలిపి, రాత్రంతా వెచ్చగా ఉంచుతారు. పాలకు తోడు వేసినట్టే. బ్యాక్టీరియా పెరిగాకే పట్టీ ముంచాలి. అది ఉంటే పట్టీ మీద గీత వస్తుంది. అంటే, పది నిమిషాల కిట్ అన్నా జవాబు వచ్చేది మర్నాడే.

కిట్ మంచిదో కాదో ఎలా తేలుతుంది? ఒకే నమూనాను రెండు భాగాలు చేస్తారు. ఒకటి కిట్‌కు, ఒకటి ల్యాబ్‌కు. రెండు జవాబులూ కలవాలి. లేనిది ఉందంటే సరుకు నష్టం. ఉన్నది లేదంటే ప్రాణానికే ముప్పు. ఇంకో మాట. నీళ్లలో పనిచేసిన కిట్ మసాలా కూరలో తడబడొచ్చు. లవంగం, దాల్చినచెక్క బ్యాక్టీరియా పెరుగుదలను అణచేస్తాయి మరి.

క్యాంటీన్ నడిపేవాళ్లు కిట్ కొనేముందు మూడు అడగండి. ఏ బ్యాక్టీరియాకు? ఏ వంటకంలో పరీక్షించారు? ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆమోదం ఉందా?

చివరిగా ఒక మాట. గీత రాలేదంటే భయం లేదని కాదు. కిట్ ఉన్నా చేతులు కడగాల్సిందే, వేడివేడిగా వడ్డించాల్సిందే.