కోత పండుగకు ఇంకొక పని

పట్టా చేతికొచ్చిన రోజున పెద్దలు సాధారణంగా దేశం గురించో ప్రపంచం గురించో మాట్లాడతారు. ఈ ప్రసంగం మాత్రం డొంకూరు దగ్గర మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ తీరం ఆరంభమయ్యేది కూడా ఇచ్ఛాపురం మండలంలోని ఆ మత్స్యకార గ్రామం దగ్గరే. దాటితే ఒడిశా. దక్షిణానికి వస్తే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం అంటే ఇదే.

ఈ శ్రీకాకుళం జిల్లాలో క్రైస్తవులు ఎక్కువమంది లేరు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడియన్ బాప్టిస్టు మిషన్ తర్వాత శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు వచ్చింది. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో కంటి వైద్యం చేసిన డాక్టర్ బెన్ గల్లిసన్‌కు అండగా 1963లో కెనడాలోని కాల్గరీలో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ పుట్టింది. ఒక చిన్న ఊరి అవసరం అంత దూరం వినిపించింది.

తెలుగు సంఘాల్లో కోత పండుగ చూసినవారికి దాని సందడి తెలుసు. కోతలయ్యాక ఒక ఆదివారం ప్రసంగ వేదిక ముందు కొత్త బియ్యం, కొబ్బరి గెల, గుమ్మడికాయ, కాళ్లు కట్టేసిన కోడిపుంజు వరసగా చేరతాయి. కోడి పాటల మధ్యలో కూస్తుంది, పిల్లలు నవ్వుతారు. ప్రార్థన ముగిశాక వేలంపాట. బజారులో ముప్పై రూపాయలు చేసే ఆనపకాయ మీద ఇద్దరు బావామరుదులు పంతానికి పోతే అది వందల్లోకి వెళ్తుంది. ఈ ఆచారం పాతదే. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో డోర్నకల్ బాధ్యత తీసుకున్నారు. పల్లె క్రైస్తవులు పంటలో భాగం తెచ్చి సమర్పించే ఇలాంటి పండుగలు ఆయన కాలంలో ఘనంగా జరిగేవి. దేవుడికీ నేలకూ ఉన్న సంబంధాన్ని మన పల్లె సంఘాలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

బయటి ప్రపంచం ఆలస్యంగా ఇటు తిరిగింది. సెప్టెంబర్ 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా 1989లో ఆర్థడాక్స్ పేట్రియార్క్ మొదటి దిమిత్రియోస్ ప్రకటించారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణంపై ‘లౌదాతో సీ’ లేఖ రాసి, అదే తేదీని కాథలిక్కులకూ ఇచ్చారు. ఇప్పుడు చాలా సంఘాలు ఆ రోజు నుంచి అక్టోబర్ 4 వరకు ‘సృష్టి కాలం’ పాటిస్తున్నాయి. మంచిదే. అయితే బ్యానరు కట్టి, ఒక మొక్క నాటి, ఫొటో దిగి ఇంటికెళ్లే సభలకూ కొదవ లేదు.

ఉద్దానంలో అసలు పరీక్ష ఆ కాలం ముగిసిన వారానికే మొదలవుతుంది. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబర్ 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది. ఆ తెల్లవారుజామున కూలిన కొబ్బరి చెట్లకు బదులు నాటిన మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అన్నేళ్లూ దానికి నీళ్లు పోసేది ఎవరన్నదే ప్రశ్న. నాటిన రోజు ఫొటోలో ఆ జవాబు ఉండదు.

ఈ ప్రశ్నకు ఒక జవాబు ఇథియోపియాలో దొరికింది. అక్కడి ఉత్తర ప్రాంతంలో అడవులు దాదాపు నరికేశారు. మిగిలినవి ఎక్కువగా ఆర్థడాక్స్ చర్చిల చుట్టూ ఉన్న పచ్చని ముక్కలే. పశువులు పడి అవీ తరిగిపోతుంటే, అలెమాయెహు వాస్సీ అనే అటవీ శాస్త్రవేత్త, అమెరికా పరిశోధకురాలు మెగ్ లోమన్ కలిసి అర్చకులను కూర్చోబెట్టి ఉపగ్రహ చిత్రాలు చూపించారు. పొలాల్లోంచి ఏరిన రాళ్లతోనే ఊళ్లవాళ్లు చర్చి అడవుల చుట్టూ గోడలు కట్టారు. లోపల మొలకలు మళ్లీ లేచాయి. అక్కడ భక్తి ముందునుంచే ఉంది. చదువుకున్నవారు తెచ్చింది ఆ చిత్రాలు, వాటిని ఓపిగ్గా చూపించే మర్యాద.

మన దగ్గర అలాంటి పని లేకపోలేదు. ఒడిశాలోని రుషికుల్య ముఖద్వారానికి లక్షల్లో వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు శ్రీకాకుళం ఇసుకలోనూ గుడ్లు పెడతాయి. అవి ఊపిరి కోసం పైకి రావాలి. మరబోటు వలలో చిక్కితే చచ్చిపోతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నా, గుడ్లు పెట్టే కాలం చాలావరకు అంతకు ముందే గడిచిపోతుంది. గంగమ్మకు మొక్కే మత్స్యకారులతో కలిసి కూర్చోకుండా ఏ చర్చీ ఒక్కటే ఇక్కడ తాబేలును కాపాడలేదు. సోంపేట దగ్గరి బీల చిత్తడి నేల చెప్పేదీ అదే. అక్కడ తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా రైతులు, మత్స్యకారులు నిలబడితే 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతి ఆ రోజే రద్దయింది.

ఇక నీళ్లు. ఉద్దానం పల్లెల్లో చాలామందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. సిలికా అన్నారు, భారలోహాలన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీ అన్నారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. పైపు వచ్చింది. అయినా తోటకు పోయేవాడి సీసాలో ఏ నీళ్లున్నాయో కనుక్కోవాల్సిన పని మిగిలే ఉంది.

రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, నర్సింగ్ చదివినవారికి ఒక విన్నపం. ఈ ఏడాది మీ ఊళ్లో ఏ మతం వారి పండుగ జరిగినా, దానికి ముందే ఊరి బోర్ల నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపండి. ఫలితాన్ని తేలిక తెలుగులో ఒక కాగితం మీద రాసి, వేలంపాటకు ముందు పాస్టరుగారి చేత గానీ, గుడి దగ్గర పెద్దమనిషి చేత గానీ చదివించండి. ఆ వేలం డబ్బులో కొంత మరుసటి ఏడాది పరీక్షకు తీసిపెట్టమని అక్కడే, అందరి ముందే అడగండి.